పోగు గొప్పదా, పలక గొప్పదా

సైనికుడు ఒంటికి తొడుక్కునే కవచాలు రెండు జాతులు. బలమైన పోగుతో నేసిన బట్టను ఇరవై ముప్పై వరసలు పేర్చి చేసేది మెత్తటి కవచం. అది ఒంటితోపాటు వంగుతుంది, చొక్కా కింద ఇముడుతుంది, పిస్తోలు తూటానూ బాంబు తునకనూ ఆపుతుంది. సెరామిక్‌తోనో, ఉక్కుతోనో, వేడిమీద అదిమి అతికించిన పాలిథిలిన్‌తోనో చేసే పలక గట్టి కవచం. అది వంగదు, బరువెక్కువ, రొమ్ము మీద ఒకటి వీపు మీద ఒకటి చొప్పున కొద్ది మేరనే కప్పుతుంది. రైఫిల్ తూటాను ఆపేది మాత్రం అదే. సైన్యంలో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ అని ఒకే పేరుతో పిలిచే సామానులో చాలాసార్లు ఈ రెండూ ఉంటాయి. జవాను మోయగల బరువుకు ఒక హద్దు ఉంది కాబట్టి, ఆ బరువులో ఏది ఎంత ఉండాలన్నదే అసలు తగువు.

ఈ తగువుకు బళ్లారి తగిన చోటు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర వైపు, బళ్లారి మైసూరు వైపు పోయినా ఇక్కడి బజారులో తెలుగూ కన్నడమూ ఒకే నోట పలుకుతాయి. ఊళ్లో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లు ఉన్నాయి. పక్కన తోరణగల్లులో ఉక్కు కర్మాగారం, సండూరు కొండల్లో ఇనుప రాయి, మాంగనీసు. బట్ట గుణం తెలిసినవాళ్లూ లోహం గుణం తెలిసినవాళ్లూ ఒకే సంతలో కలుస్తారు. అందుకే ఈ సంవాదంలో మెత్తటి కవచం తరఫున జీన్స్ యూనిట్లో కటింగ్ మాస్టరు, గట్టి కవచం తరఫున పదాతిదళంలో పనిచేసి రిటైరైన హవల్దారు మాట్లాడతారు.

పోగు పని

మాస్టరు: అన్నా, బట్టంటే మీకు చులకన. మా టేబుల్ మీద పరిచే మందం జీన్స్ బట్ట చదరపు మీటరు దాదాపు 475 గ్రాములు తూగుతుంది. పది వరసలు పేరిస్తే అయిదు కిలోలకు దగ్గర. మెత్తటి కవచం కూడా చదరపు మీటరుకు సుమారు అయిదు కిలోలే. బరువు ఒకటే. కానీ నా పది వరసల జీన్స్‌ను పిస్తోలు తూటా చీల్చుకుని పోతుంది, ఆ కవచంలో ఇరుక్కుంటుంది. గొప్పదనం మందంలో లేదు, పోగులో ఉంది.

ఆ పోగుల్లో మొదట పేరుపొందింది అరామిడ్. అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ 1965లో కనుగొన్న పదార్థమే తరవాత కెవ్లార్ పేరుతో బజారుకు వచ్చింది. అదే బరువున్న ఉక్కు తీగతో పోలిస్తే అది అయిదు రెట్లు బలమైనదని లెక్క. పత్తి పోగుతో పోలిస్తే ఆరేడు రెట్లు. రెండోది చాలా పొడవైన అణుగొలుసులున్న పాలిథిలిన్ పోగు. ఇది నీటికన్నా తేలిక, తొట్టిలో వేస్తే తేలుతుంది.

తూటాను బట్ట ఆపే తీరు గోల్ పోస్టు వెనక వల బంతిని పట్టే తీరు లాంటిది. సీసం నిండిన పిస్తోలు తూటా మొదటి వరసలను తాకగానే దాని ముక్కు నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకున్న ముక్కు కింద ఎక్కువ పోగులు పడతాయి. పడుగూ పేకా ఆ గుంజును తూటా వేగం కంటే ఎన్నో రెట్ల వేగంతో పక్కలకు లాగి పంచుతాయి. గోరంత చోట పడిన దెబ్బ జానెడు మేర బట్టంతా మోస్తుంది. ఒక్కో వరసా కొంత వేగాన్ని తినేస్తే, ఆఖరి వరసలకు చేరేసరికి తూటా నిలిచిపోతుంది.

హవల్దారు: బాగానే చెప్పినావు మాస్టరూ. ఒక మాట అడుగుతాను. ఆ బట్టలో నీ సూది దూరుతుందా, దూరదా?

మాస్టరు: దూరుతుందన్నా. కత్తెర మాత్రం తొందరగా మొద్దుబారుతుంది, అరామిడ్ కత్తిరించడానికి గరుకు పళ్లున్న వేరే కత్తెరలు కావాలి. సూది మాత్రం పోగుల నడుమ సందు వెతుక్కుని పోతుంది.

హవల్దారు: అయితే నా వాదమంతా ఆ సూదిలోనే ఉంది.

మెత్తటి కవచానికి సూది ఒక హెచ్చరిక. మొనదేరినది పోగును తెంపక్కరలేదు, పక్కకు తప్పిస్తే చాలు. అందుకే తూటాను ఆపే చాలా జాకెట్లు సన్నని పొడుపు కత్తిని ఆపలేవు, కత్తి కోసం నేత బిగువు పెంచి వేరుగా చేస్తారు. తయారీలో కూడా బట్ట వరసలను ఎక్కువ కుట్లతో బిగించరు. అంచుల్లో కొన్ని పట్టుకుట్లు వేసి, నీరు పోని సంచిలో పెట్టి, సంచి మూతిని వేడితో అతికిస్తారు. సూది పడిన ప్రతి చోటా నీటికి దారి దొరుకుతుంది మరి.

రైఫిల్ లెక్క

హవల్దారు: పిస్తోలు తూటా బరువు సుమారు ఎనిమిది గ్రాములు. ఏకే-47 తూటాదీ అంతే. బరువులో తేడా లేదు, వేగంలో ఉంది. అది సెకనుకు 400 మీటర్లు పోతే ఇది 715 పోతుంది. వేగం రెట్టింపు కూడా కాలేదు కదా అనుకుంటావు. శక్తి చూడు.

కదిలే వస్తువు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 400 మీటర్ల వేగంతో పోయే ఎనిమిది గ్రాముల తూటాలో 640 జౌళ్ల శక్తి ఉంటే, 715 మీటర్ల వేగంతో పోయే అదే బరువు తూటాలో రెండు వేల జౌళ్లు దాటుతుంది. మూడు రెట్లకు పైనే. ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ వాడిన 7.62×51 తూటాలో అది మూడు వేలు మించుతుంది. పైగా రైఫిల్ తూటా సన్నగా, మొనదేరి ఉంటుంది. చింతపండులో గింజ దాగినట్టు రాగి తొడుగు లోపల ఉక్కు గింజ దాగిన రకాలున్నాయి. బట్టను తాకినప్పుడు పైతొడుగు నలిగినా గింజ నలగదు. అది మాస్టరు సూదిలాగానే పోగుల నడుమ దారి చేసుకుంటుంది.

మాస్టరు: ముప్పై వరసలు చాలకపోతే అరవై వేస్తాం. దానికేం?

హవల్దారు: ఎంత మందం పేర్చినా వంగే బట్టగా ఉన్నంతసేపు ఉక్కు గింజకు నలిగే పని పడదు. దాన్ని ముందు మొద్దు చెయ్యాలి, లేదా పగలగొట్టాలి. ఆ పనికి తూటా కన్నా గట్టిది ఎదురుపడాలి.

ఈ తేడాను ప్రమాణాలు కూడా ఒప్పుకున్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2018లో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల కోసం ఐఎస్ 17051 అనే ప్రమాణం తెచ్చింది. అందులో ముప్పును బట్టి ఆరు స్థాయిలు. కింది మెట్టు మీద 9 మిల్లీమీటర్ల తూటా ఉంటుంది, బట్ట అక్కడ నెగ్గుతుంది. పైకి పోయేకొద్దీ రైఫిళ్లు వస్తాయి. ఆరో మెట్టు మీద కవచాన్ని చీల్చి నిప్పు రాజేసే 7.62×54 రకం ఉంటుంది. అమెరికా ప్రమాణంలోనూ ఇదే గీత కనిపిస్తుంది. 2023లో మార్చిన పేర్లలో చేతి తుపాకుల స్థాయిలు వేరు, రైఫిల్ స్థాయిలు వేరు.

పలక పని

ఉక్కు పలక అన్నిటికన్నా పాత ఉపాయం. చవక, దెబ్బ మీద దెబ్బ తింటుంది, పడేసినా పగలదు. దాని తంటాలు రెండు. ఒకటి బరువు: ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు. 25 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడవు, ఆరున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క పలకే 3.8 కిలోలు తూగుతుంది. రెండోది, దాన్ని తాకిన తూటా చితికి ముక్కలు పలక వెంబడి నలుదిక్కులా చిమ్ముతాయి. ప్రాణం దక్కినా గడ్డానికీ గొంతుకూ చేతులకూ గాయాలవుతాయి. ఆ ముక్కలను పట్టుకోవడానికి పలక మీద మళ్లీ ఒక పూత వేయాల్సి వస్తుంది.

సెరామిక్ దారి వేరు. అల్యూమినా ఘన సెంటీమీటరుకు 3.9 గ్రాములు, సిలికాన్ కార్బైడ్ 3.2, బోరాన్ కార్బైడ్ 2.5. ఉక్కులో మూడో వంతు బరువున్న బోరాన్ కార్బైడ్ గట్టిదనంలో వజ్రం వరసలో నిలుస్తుంది. తూటా దాన్ని తాకిన క్షణంలో గింజ మొన చితుకుతుంది. అదే క్షణంలో సెరామిక్ కూడా పగులుతుంది, అది లోపం కాదు, దాని పనే అది. కిటికీ అద్దానికి గులకరాయి తగిలితే ముందు చిన్న బొక్క, వెనక పెద్ద పెచ్చు లేస్తుంది కదా. అట్లాగే సెరామిక్‌లో పగులు గరాటు ఆకారంలో వెనక్కి విచ్చుకుంటుంది. తూటా మొన మీద ఉన్న ఒత్తిడి ఆ గరాటు అడుగు వైశాల్యమంతా పరుచుకుంటుంది. మొన పోయి, వేగం తగ్గి, ముక్కలైన తూటానూ సెరామిక్ పొడినీ వెనక ఉన్న దిమ్మ పట్టుకుంటుంది.

మాస్టరు: ఆగన్నా. ఆ వెనక దిమ్మ దేనితో చేస్తారు?

హవల్దారు: పాలిథిలిన్‌తో చేస్తారు, అరామిడ్‌తోనూ చేస్తారు. జిగురు పెట్టి వేడిమీద అదుముతారు.

మాస్టరు: అంటే పోగే. మీ పలకలో సగం నా సరుకే.

హవల్దారు: సగం నీదే, కాదనను. ఆ పోగు ఒక్కదానితో చేసిన పలకలు కూడా ఉన్నాయి. తేలిక, సీసం నిండిన రైఫిల్ తూటాను బాగా ఆపుతాయి. గట్టి ఉక్కు గింజకు మాత్రం నిలవవు. ముందు సెరామిక్ లేకపోతే నీ పోగుకు మళ్లీ సూది కష్టమే.

గట్టి కవచం చదువులో హైదరాబాదు పేరు ముందుంటుంది. కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనశాల ఉంది. అక్కడ పుట్టిన ట్యాంకు కవచానికి ఆ పేట పేరే పెట్టి కంచన్ అన్నారు, అర్జున్ ట్యాంకుకు ఉన్నది అదే. 1973లో పెట్టిన మిశ్ర ధాతు నిగమ్, అంటే మిధాని, కూడా అక్కడిదే. మిధాని తయారుచేసే భాభా కవచ్ జాకెట్ పరిజ్ఞానం భాభా అణు పరిశోధన కేంద్రానిది. అణు రియాక్టరులో న్యూట్రాన్లను మింగడానికి వాడే బోరాన్ కార్బైడే ఈ జాకెట్‌లో తూటాను చితక్కొడుతుంది. దాని వెనక కార్బన్ నానోట్యూబులు కలిపిన పాలిమర్ పొర ఉంటుంది.

బరువూ మేరా

మాస్టరు: సరే, పలక ఆపుతుంది. ఎంత మేర ఆపుతుంది? ప్యాంటు కొలతలు తీసేవాడిని, మనిషి ఒళ్లు నాకు తెలుసు. రొమ్ము, పొట్ట, వీపు, పక్కలు కలిపి జాకెట్ కప్పాల్సింది చదరపు మీటరులో మూడో వంతు అనుకుందాం. మీ పలక అందులో ఎంత?

25×30 సెంటీమీటర్ల పలక వైశాల్యం చదరపు మీటరులో 0.075 వంతు. ముందొకటి వెనకొకటి వేసినా 0.15, అంటే మాస్టరు చెప్పిన మేరలో సగం కన్నా తక్కువ. మిగిలినదంతా కూడా పలకతో కప్పేస్తే ఏమవుతుంది? కాన్పూరులోని రక్షణ పరిశోధనశాల డీఎంఎస్‌ఆర్‌డీఈ 2024 ఏప్రిల్‌లో ఆరో స్థాయి తూటాను ఆరుసార్లు ఆపే పలకను ప్రకటించింది. దానికి పరీక్షలు చండీగఢ్‌లోని టీబీఆర్‌ఎల్ ప్రయోగశాలలో జరిగాయి. ఒంటరిగా పనిచేసే రకంలో దాని బరువు చదరపు మీటరుకు 43 కిలోల లోపు. అదే బరువుకు ఉక్కు రేకు అయిదున్నర మిల్లీమీటర్ల మందమే వస్తుంది, ఆరో స్థాయి తూటాకు అది అడ్డు కాదు. కనుక ఆ పలక చాలా తేలికైనదనే చెప్పాలి. అయినా మూడో వంతు చదరపు మీటరు దానితో కప్పితే 14 కిలోలు దాటుతుంది. అదే మేర బట్టతో కప్పితే కిలోన్నర పైచిలుకు, రెండు కిలోల లోపు.

హవల్దారు: ఆ 14 కిలోల పైన రైఫిలు, మేగజీన్లు, నీళ్లు, రేడియో, బూట్లు. కొండెక్కేవాడికి ఇంకేం మిగులుతుంది? అందుకే పలక గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలు ఉన్న చోట పెడతారు. మేర తక్కువే. ఆ మేరలో తగిలితే మాత్రం డాక్టరు దాకా చేరే వ్యవధి ఉండదు.

మాస్టరు: పలక అంచు దాటి రెండు వేళ్ల దూరంలో తగిలితే?

హవల్దారు: అది రైఫిల్ తూటా అయితే నీ బట్టా ఆపదు, నా పలకా ఆపదు.

మాస్టరు: తునక అయితే నా బట్ట ఆపుతుంది.

బరువు తగ్గించే ప్రయత్నం దేశంలో ఎడతెగకుండా సాగుతోంది. సైన్యం మధ్య సైజు జాకెట్‌కు పెట్టుకున్న హద్దు 10.4 కిలోలు. కాన్పూరు ప్రయోగశాల 2021లో దాన్ని 9 కిలోలకు దించినట్టు ప్రకటించింది. 2024 సెప్టెంబరులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ కలిసి చూపిన అభేద్ జాకెట్ల కనిష్ఠ బరువులు స్థాయిని బట్టి 8.2, 9.5 కిలోలు. సెరామిక్, పాలిమర్ కలిపి చేసిన జాకెట్లు అవి. అంతకుముందు 2018లో 1,86,138 జాకెట్ల కోసం సైన్యం తరఫున 639 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఒక్కో జాకెట్ మీద ఒక కిలో తగ్గిందంటే, అది అంతమంది భుజాల మీద తగ్గినట్టు.

తునకలా, తూటాలా

మాస్టరు: యుద్ధంలో మనుషులు దేనితో పోతారన్నా? గురిపెట్టి కాల్చిన తూటాతోనా, ఎక్కడో పేలిన గుండు తునకలతోనా?

పెద్ద యుద్ధాల లెక్క మాస్టరు వైపే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయాల్లో ఎక్కువ భాగం ఫిరంగి గుండ్లు, మోర్టార్లు, బాంబుల తునకల వల్ల అయినవే. 1942లో అమెరికా వైమానిక దళ వైద్యుడు మాల్కం గ్రో బాంబర్ విమానాల సిబ్బంది కోసం మాంగనీసు ఉక్కు బిళ్లలను గుడ్డలో కుట్టించి చొక్కాలు చేయించాడు. మొదటివాటిని చేసింది బ్రిటన్‌లో కత్తులకు పేరుపడ్డ విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థ. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ తయారుచేసిన మాంగనీసు ఉక్కే మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ హెల్మెట్టుకూ ఆధారం. సండూరు కొండల్లో ఎర్రదుమ్ము మధ్య తవ్వే నల్లరాయికి కవచాల చరిత్రలో ఇంత పాత చోటు ఉంది. కొరియా యుద్ధం నాటికి ఆ ఉక్కు బిళ్లల చోటు నైలాన్ వరసలు తీసుకున్నాయి. తునకకు బట్ట చాలునని తేలింది. తునక వంకరటింకరగా ఉంటుంది, గాలిలో తొందరగా వేగం పోగొట్టుకుంటుంది, దానికి మొన నిలవదు.

హవల్దారు: ఆ లెక్క ఫిరంగులు మోగే యుద్ధానిది. మన జవాన్లు ఎక్కువగా చూసింది ఇంటింటి గాలింపు, అడవిలో మాటు, కొండ మలుపులో ఎదురుకాల్పులు. అక్కడ ముప్పు యాభై గజాల నుంచి వచ్చే ఏకే తూటా. 2017 చివర్లో పుల్వామా జిల్లా లెత్‌పొరాలో సీఆర్‌పీఎఫ్ శిబిరం మీద దాడి జరిగినప్పుడు ఉక్కు గింజ తూటాలు వాడినట్టు వార్తలు వచ్చినాయి. అట్లాంటి తూటాకు మామూలు అడ్డు చాలదు. అక్కడ నీ బట్ట ఒక్కదానితో పోయేవాణ్ణి నేను పంపను.

ఇద్దరి లెక్కలూ నిజమే, యుద్ధాలు వేరు. అమెరికా సైన్యం రెండు దారులూ నడిచి చూసింది. వియత్నాంలో హెలికాప్టరు సిబ్బందికి సెరామిక్ రొమ్ము పలకలు ఇచ్చింది, కూర్చుని ఉండేవాడికి బరువు అంత బాధ కాదు. 1990ల చివర్లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ జాకెట్‌లో బట్ట చొక్కా 3.8 కిలోలు, రెండు పలకలు కలిపి 3.6 కిలోలు. చొక్కా ఒక్కటే 9 మిల్లీమీటర్ల తూటాను ఆపేది, పలకలు పెడితే రైఫిల్‌ను ఆపేది. ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబులు పెరిగాక పక్క పలకలు, భుజం తొడుగులు చేరి బరువు దాదాపు రెట్టింపయింది. అఫ్గానిస్తాన్ కొండల్లో ఆ బరువుతో నడవలేక 2009లో బట్ట మేర తగ్గించి, పలకలను పట్టీలతో మోసే తేలిక రకాన్ని దించారు. ఒకే సైన్యం పదేళ్లలో మేర పెంచి, మళ్లీ తగ్గించింది.

ఎండ, చెమట, పగులు

మాస్టరు: పలక పడేస్తే పగులుతుంది. నా బట్టను పడేసినా తొక్కినా ఏమీ కాదు.

హవల్దారు: పగులుతుంది, నిజమే. జాకెట్ విప్పి సిమెంటు గచ్చు మీద విసిరేవాళ్లను నేనే తిట్టినాను. బయటికి ఏమీ కనబడదు, లోపల వెంట్రుకంత పగులు ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులా మెలిపెడితే గరగరమంటే దాన్ని పక్కన పెట్టాలి. సరిగా తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి. మరి నీ బట్ట మన ఎండకు ఏమవుతుంది?

బళ్లారి ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది, తలుపులు మూసిన వాహనంలో ఇంకా ఎక్కువ. అరామిడ్ కరగదు, కానీ ఎండ తగిలితే పోగు బలం తగ్గుతుంది, తడిస్తే ఆపే శక్తి పడిపోతుంది. ముదురు రంగు, నీరు పోని సంచి వేసేది అందుకే. పాలిథిలిన్ నీళ్లను పీల్చదు, కానీ 150 డిగ్రీల లోపే కరుగుతుంది, ఎక్కువ వేడిలో ఎక్కువ కాలం ఉంచితే అంతకు ముందే బలం తగ్గుతుంది. బట్ట జాకెట్లకు తయారీదారులు సాధారణంగా అయిదేళ్ల పూచీ ఇస్తారు.

పోగు మీద నమ్మకం సడలిన సందర్భమూ ఉంది. జైలాన్ అనే పోగు కెవ్లార్ కన్నా బలమైనదని అమెరికా పోలీసులకు జాకెట్లు చేశారు. 2003లో ఒక పోలీసు అధికారి జాకెట్‌ను, అది ఆపాల్సిన తూటానే చీల్చుకుని పోయింది. తేమకూ వెలుగుకూ ఆ పోగు లోలోపల చివికిపోతుందని పరీక్షల్లో తేలింది. 2005లో అక్కడి జాతీయ న్యాయ సంస్థ జైలాన్ జాకెట్ల గుర్తింపు రద్దు చేసింది. పగిలిన పలక గరగరమంటుంది, చివికిన పోగు అట్లా చప్పుడు చేయదు.

బట్టకు మరో కష్టం వెనక గుంత. తూటా ఆగినా బట్ట లోపలికి ఉబ్బి ఒంటికి గుద్దు తగులుతుంది, పక్కటెముక విరగవచ్చు, లోపలి అవయవం కందవచ్చు. పరీక్షలో జాకెట్ వెనక మెత్తని మట్టి దిమ్మ పెట్టి, పడిన గుంత లోతు కొలుస్తారు. అమెరికా ప్రమాణంలో హద్దు 44 మిల్లీమీటర్లు. పలక వంగదు కనుక పిస్తోలు తూటా దాని మీద పడితే గుంత దాదాపు పడదు. పలకకు తనదైన హద్దు వేరే: ఒక దెబ్బకు చుట్టూ పగిలిన చోట రెండో తూటా పడితే నిలవడం కష్టం. కొందరు చిన్న చిన్న సెరామిక్ బిళ్లలను పేరుస్తారు, ఒకటి పగిలినా పక్కది మిగులుతుంది. బిళ్లల నడుమ అతుకు మళ్లీ బలహీనమైన చోటవుతుంది. కాన్పూరు పలక ఏకశిలలా ఒకే ముక్క, ఆరు దెబ్బలు ఆపడం అందుకే చెప్పుకోదగ్గ మాట.

హంపి చొక్కా

మాస్టరు: ఇంతకీ ఈ రెంటినీ కలపాలని ముందు ఎవరికి తోచిందంటారు?

మొదట ఎవరికి తోచిందో గానీ, కలిపిన చొక్కా ఒకటి బళ్లారికి దగ్గరలోనే రాతకెక్కింది. 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహానవమి తరవాతి సేనల వరసను చూసి రాసిన వివరాల్లో రౌతుల చొక్కాలున్నాయి. గట్టి పచ్చితోలు పొరలు పేర్చి, లోపల ఇనుప పలకలు చేర్చి, పైన జరీ, ముఖమలు కప్పిన చొక్కాలవి. కొన్నిటిలో పలకలకు బంగారు పూత కూడా ఉండేది. కాల్బలంలో చాలామందికి దూది కూర్చి కుట్టిన చొక్కాలే. ఆ కాలపు బాణాన్నీ కత్తి వేటునూ దూది మందం కొంతవరకు ఆపేది. బల్లెం మొన, ఈటె మొన ఎదురైన రౌతుకు మాత్రం ఇనుము కావలసి వచ్చింది. నేటి హంపి 2021లో బళ్లారి నుంచి విడిపోయిన విజయనగర జిల్లాలో ఉంది. అక్కడి రౌతు చొక్కాలోనూ నేటి జాకెట్‌లోనూ అమరిక ఒక్కటే: వంగే పొరలు ఒళ్లంతా, వంగని పలకలు కావలసిన చోట.

రెండూ ఒకే చోట

ఈ అమరిక నేటి పలకల మీద రెండు మాటలుగా అచ్చయి ఉంటుంది. ఒకటి, తూటాకు ఎదురుగా ఉండాల్సిన వైపు. పలకను తిరగేసి పెడితే పోగు ముందుకూ సెరామిక్ వెనక్కీ పోయి, పని చెడుతుంది. రెండోది, పలక ఒంటరిగా పనిచేసే రకమా, వెనక బట్ట జాకెట్ ఉంటేనే పనిచేసే రకమా అన్నది. కాన్పూరు పలకలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఒంటరిది చదరపు మీటరుకు 43 కిలోల లోపు, బట్టతో జతకట్టేది 40 కిలోల లోపు.

మాస్టరు: అంటే నా బట్ట వెనక ఉంటే మీ పలక మీద మూడు కిలోలు తగ్గుతున్నాయి.

హవల్దారు: చదరపు మీటరుకు మూడు. ఒక పలక మీద లెక్క వెయ్యి, పావుకిలో కూడా కాదు. అంత మేర నీ బట్ట బరువు దానికన్నా ఎక్కువే ఉంటుంది.

మాస్టరు: నిజమే. కానీ నా బట్ట పలక వెనకే ఆగదు కదా. పక్కలకూ పొట్ట కిందికీ భుజానికీ పోతుంది. పలక వెనక ఉన్నప్పుడు పలకకు సాయం, పలక దాటినచోట తునకకు అడ్డు. రెండు పనులకు ఒకే బరువు.

హవల్దారు: అది ఒప్పుకుంటాను. ఉక్కపోతకు తాళలేక బట్ట పొర తీసేసి పలకలు మాత్రం వేసుకుని పోయేవాళ్లు నాకు తెలుసు. జతకట్టే పలక అయితే వాళ్లు బట్ట మాత్రమే కాదు, పలక స్థాయిని కూడా ఇంట్లో పెట్టి పోయినట్టే.

ఎవరికి ఏది అన్నది ఇక ముప్పును బట్టి తేలుతుంది. మాటు వేసేవాడికి, ఇల్లు గాలించేవాడికి, సరిహద్దు పోస్టులో కాల్పులకు ఎదురు నిలిచేవాడికి ముందూ వెనకా సెరామిక్ పలకలు తప్పవు. వాటి కింద బట్ట కూడా ఉండాలి. ఫిరంగి దళంలో, వాహనం లోపల, వెనుక రంగంలో పనిచేసేవాడికి తునక ముప్పు ఎక్కువ కాబట్టి మెడ, భుజాలు, తొడల మొదలు దాకా కప్పే మెత్తటి కవచం మేలు. జనంలో కలిసి తిరిగే రక్షకుడికి చొక్కా కింద దాగే బట్ట జాకెట్ చాలు, అతనికి ఎదురయ్యేది ఎక్కువగా పిస్తోలే. ఎత్తైన కొండల్లో దూరం నడిచేవాడు మేర తగ్గించుకుని పలకలతో సరిపెట్టుకోవచ్చు. అప్పుడు ఒంటరిగా పనిచేసే రకం పలకే ఎంచుకోవాలి.

బరువు తగ్గించాల్సి వస్తే విప్పే వరసలోనూ ఇద్దరికీ ఒక చోట పొత్తు కుదురుతుంది. మొదట పక్క పలకలు, తరవాత భుజం తొడుగులు, మెడ పట్టీ, గజ్జల గుడ్డ. చివరిదాకా ఉండేవి రొమ్ము మీది పలక, దాని వెనక బట్ట. వెనక పలకను బట్టకన్నా ముందు విప్పవచ్చా అన్నదొక్కటే తేలలేదు. హవల్దారు కూడదంటాడు, మాటులో తూటా ఏ దిక్కు నుంచైనా వస్తుందని. తునకా అంతేనని మాస్టరు అంటాడు.